అంచు కుట్టిన దారం

ఈ సంగతి రాసిపెట్టకపోతే అబద్ధమే మిగిలిపోతుంది. సిరిసిల్లలో మా వాళ్ళు ఇప్పటికీ నా గురించి, "తండ్రి అడిగింది చేసిండు, చదువుకున్నోడు గద" అని చెప్పుకుంటున్నారు. మా అక్క కూడా అదే నమ్ముతోంది. మా బాపు చివరి రోజుల్లో ఒక్కటే అడిగాడు. తనతో పాటు మట్టిలోకి నూలుగుడ్డ తప్ప ఇంకేదీ రావద్దని. ఆ మాట నేను నిలబెట్టానా లేదా అన్నది తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. నేనూ మరిచిపోతే ఇక ఎవరికీ తెలియదు. అందుకని రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయడం లేదు. వాళ్ళు నన్ను నమ్మి మాట్లాడారు, కాగితం మీదికి ఎక్కుతామని మాట్లాడలేదు.

నేను కోరుట్లలో దర్జీని. పుట్టింది సిరిసిల్లలో. ఏడో తరగతితో బడి ఆగింది. మిగతా చదువంతా జగిత్యాల గ్రంథాలయంలో, కిటికీ పక్క బెంచీ మీద. ఎన్నో ఏళ్ళుగా ప్రతి ఆదివారం కోరుట్లలో బస్సెక్కి పోతున్నాను. గ్రంథాలయానికి శుక్రవారం సెలవు, నా దుకాణానికి ఆదివారం సెలవు. రెండూ ఒకే రోజు పడకపోవడం నా అదృష్టం. మొదట నవలలు చదివాను, తరువాత చరిత్ర, తరువాత ఏది చేతికందితే అది. చదివిన దాంట్లో ముఖ్యమైనది పొడుగు నోటుబుక్కులో రాసుకుంటాను. డిగ్రీలు చదివినవాళ్ళు దుకాణంలో కూర్చుని ఏదైనా అడిగితే నోటుబుక్కు తెరవకుండానే చెప్పగలను. ఇది గొప్ప కోసం రాయడం లేదు. జరిగినదాంట్లో దీని పాత్ర ఉంది కనుక రాస్తున్నాను.

ప్లాస్టిక్ సంగతి ఒక వానాకాలం మొదలైంది. దుకాణం ముందు మురుగు మోరీ నిండి నీళ్ళు గడప దాకా వచ్చాయి. పార తీసుకుని నేనే దిగాను. కవర్లు ఒకదాని మీద ఒకటి అట్టకట్టి ఉన్నాయి. ఒకటి లాగి చూస్తే దాని మీద నా దుకాణం పేరుంది. కుట్టిన జాకెట్లు పెట్టి ఇచ్చే కవరు. ఆ రకం కవర్లు నేను మానేసి అప్పటికే నాలుగేళ్ళు. అక్షరాలు చెదరలేదు. ఫోన్ నంబరు కూడా చదవడానికి వస్తోంది. దాన్ని కడిగి తీగ మీద ఆరేశాను. ఎందుకు ఆరేశానో తెలియదు.

ఆ ఆదివారం జగిత్యాల పోయి, ప్లాస్టిక్ గురించి ఏముంటే అది ఇమ్మని అడిగాను. గ్రంథాలయం ఉద్యోగి రెండు పుస్తకాలు, పాత పత్రికల కట్ట ఒకటి తెచ్చి పెట్టాడు. సాయంత్రం దాకా చదివాను. బస్సు దిగేటప్పటికి ఇక ఇంట్లోకి ప్లాస్టిక్ రానివ్వకూడదని నిశ్చయమైపోయింది.

ఇంట్లో మా ఆవిడ, నేను, ఇద్దరమే. వేపపుల్ల మొదలుపెట్టాను. మా ఆవిడ ముందే చెప్పింది:

"పుల్ల నువ్వు నములు. నా బ్రష్షు జోలికొస్తె మంచిగుండది."

పాల ప్యాకెట్లు మానేసి, బర్రెలున్న ఇంటికి గిన్నె పట్టుకుని పోయేవాణ్ణి. నూనెకు స్టీలు క్యాను. పప్పులకు గుడ్డసంచులు. మటన్‌కు టిఫిన్ డబ్బా తీసుకుపోతే కొట్టాయన కత్తి ఆపి, "ఏం సారూ, ఆఫీసుకు పోతున్నరా?" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ తరువాత వారం ఇంకొకాయన కూడా డబ్బాతో వచ్చాడు. ఆయనను చూసి నాకు పుస్తకం రాసినంత ఆనందమైంది.

ఇంట్లో బిందెలు, బకెట్లు, మగ్గులు, కుర్చీ, అన్నీ ఒక మూల పోగేశాను. మా ఆవిడ నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఇగో, ఇల్లంత దులిపినవ్ గని, నీ కండ్లద్దాలు ఎప్పుడు తీస్తవ్?"

నోటుబుక్కు చూశాను. ఆమె అన్నది నిజమే. అద్దాలు గాజు కావు, ప్లాస్టిక్; ఫ్రేమూ అంతే. తీయలేదు. అవి లేకపోతే సూదిలోకి దారం ఎక్కదు.

దుకాణంలో కష్టమైంది. గుండీలు, జిప్పులు, కొలత టేపు. అన్నిటికన్నా దారం. మేము కుట్టే దారం పాలిస్టర్‌ది. తెగదు, రంగు పోదు, మిషన్ వేడిని తట్టుకుంటుంది. నేను నూలుదారం రీళ్ళు ఒక పెట్టె తెప్పించి, ఒక నెల వాటితోనే కుట్టాను. ఒక ఆమె పెళ్ళి నుంచి వచ్చి జాకెట్టు బల్ల మీద పడేసింది.

"అన్నా, అక్షింతలు ఎయ్యనీకి చెయ్యి లేపితె సంకల పటుక్కుమన్నది. పెండ్లికొడుకు ఎనక్కి తిరిగి సూసిండు. గా పాత దారంతోనే కుట్టు, నీకు దండం పెడ్త."

మిగిలిన నూలు రీళ్ళు సొరుగులో పెట్టి, మళ్ళీ పాత దారం ఎక్కించాను. అందులో తెల్లదారం ఎప్పుడూ మిషన్ మీదే ఉంటుంది. లైనింగులకు అదే వాడతాం.

దానికి బదులుగా అన్నట్టు, దుకాణంలో మిగిలిన గుడ్డ ముక్కలన్నీ కలిపి సంచులు కుట్టాను. కవర్లు వద్దు, గుడ్డసంచి వాడండి అని వచ్చినవాళ్ళందరికీ ఇచ్చాను. వీధి వీధంతా నా సంచులే. మళ్ళీ ఒక ఆదివారం ఇంకో పుస్తకం చేతికొచ్చింది. దారాలు, గుడ్డలు ఎట్లా తయారవుతాయో చెప్పే పుస్తకం. పాలిస్టర్ అంటే నీళ్ళ సీసా చేసే సరుకేనని, దాన్ని కరిగించి సన్నగా లాగితే పోగు అవుతుందని అందులో ఉంది. ఇన్నేళ్ళు దర్జీ పని చేసి నాకు ఆ సంగతి తెలియదు. నా దగ్గర మిగిలే ముక్కలు ఎక్కువగా పాలిస్టరే కనుక, వీధినిండా నేను పంచింది ప్లాస్టిక్ సంచులే. బెంచీ మీద కూర్చుని ఆ పేజీ రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతున్నప్పుడు బాధ కన్నా ఉత్సాహమే ఎక్కువగా ఉంది. కొత్త సంగతి తెలిసింది, ఎవరికైనా చెప్పాలి అన్న ఉత్సాహం. బాపు గుర్తుకొచ్చాడు.

బాపు సిరిసిల్లలో అక్క, బావ దగ్గర ఉండేవాడు. చిన్నతనం నుంచి గుంటమగ్గం మీద నూలు నేశాడు. మగ్గాలు పోయి సాంచెలు వచ్చాక, అంటే కరెంటుతో నడిచే మగ్గాలు వచ్చాక, ముప్పై ఏళ్ళు వాటి మధ్య నిలబడి పాలిస్టర్ నేయించాడు. ఆ చప్పుడుకు చెవులు మొద్దుబారాయి. ఎవరు మాట్లాడినా అరిచి చెప్పాలి. చదువు లేదు. నేను పోయిన ప్రతిసారీ మంచం మీద కొంచెం జరిగి చోటిచ్చి, ఒకటే అడిగేవాడు:

"ఇయ్యాల ఏం సదివినవ్ కొడుకా?"

నేను చెప్పేవాణ్ణి. ఆయనకు సగం వినబడేది. విన్నదంతా తరువాత పక్కింటివాళ్ళకు చెప్పేవాడని అక్క అనేది.

ఆ రోజు కూడా అట్లే అడిగాడు.

"బట్టల గురించి సదివిన బాపూ," అన్నాను.

"బట్టల గురించి నాకు తెల్వంది ఏమున్నదిరా? సెప్పు సూద్దాం."

గూట్లో ఆయన నేసిన చీరగుడ్డ ముక్క ఒకటి ఉంది. తన చేతికింద వచ్చిన మంచి గుడ్డ అని దాచుకున్నది. దాని మూల కత్తిరించి, అగ్గిపుల్ల గీసి అంటించాను. అది మండలేదు. ముడుచుకుపోయి, నల్లగా కరిగి, పళ్ళెంలో చిన్న ఉండగా పడింది. తరువాత ఆయన పాత పంచె నుంచి ఒక నూలుపోగు లాగి అంటించాను. కాగితం కాలిన వాసన వచ్చింది, బూడిదై రాలిపోయింది.

"సూసినవా? నూలయితే బూడిదైతది. ఇది కరిగింది."

"ఏంది?"

"కరిగింది! ఇది బట్ట కాదు బాపూ, ప్లాస్టిక్!"

"ఏమంటున్నవ్రా?"

"ప్లాస్టిక్! నీళ్ళ సీసా ఉంటది సూడు, గదే! ముప్పై ఏండ్లు నువ్వు నేసింది ప్లాస్టిక్!"

గొంతెత్తి అరిచాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వీధిలో సాంచెలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. నా చివరి మాట ఆ నిశ్శబ్దంలో పడింది. గోడ అవతలి నుంచి ఒక ఆడమనిషి, "ప్లాస్టిక్ నేసింది ఎవరమ్మా?" అంది. ఇంకెవరో నవ్వారు.

బాపు పళ్ళెంలోని ఉండ తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. అది నలగలేదు.

"గట్టిగనే ఉన్నది," అన్నాడు.

అంతే. ఆ ఉండ గూట్లో పెట్టాడు. అక్క చాయ తెచ్చింది. తాగి, వేములవాడ బస్సెక్కాను. ఇంటికి చేరాక నోటుబుక్కులో తేదీ వేసి, "బాపుకు వివరంగా చెప్పాను" అని రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ ఉంది.

ఆ తరువాత నేను పోయినప్పుడు ఏం చదివావని బాపు అడగలేదు. మంచం మీద జరిగి చోటిచ్చేవాడు, అంతే. నేను చాలా రోజులు అది గమనించలేదు. అక్కే చెప్పింది. బాపు తన పాలిస్టర్ పంచెలన్నీ మూటకట్టి ఇవ్వమన్నాడట. చిరుగులున్న రెండు నూలు పంచెలతోనే ఉంటున్నాడట.

"ఏం జెప్పినవ్ తమ్మీ నువ్వు ముసలోనికి? పక్కింటోళ్ళు ఇంక నవ్వుతనే ఉన్నరు. బయట అరుగు మీద కూసుంటలేడు."

"ఉన్నది చెప్పిన అక్కా."

"ఉన్నదే అయితే నీ పుస్తకంల ఉండనియ్యరాదు?" అంది.

ఆ మరుసటి ఏడు వానలకు బాపు మంచం పట్టాడు. ఊపిరి అందడం కష్టమైంది. ఒకరోజు నేను పక్కన, అక్క కాళ్ళ దగ్గర కూర్చుని ఉంటే గూటివైపు చూపించాడు. ఆ నల్ల ఉండ తెచ్చి చేతికిచ్చాను.

"కొడుకా, నేను పోతే నా మీద నూలుగుడ్డ కప్పు. మగ్గం గుడ్డ. గా ఉండ నాతోని రావద్దు. ఒక్క పోగు గూడ రావద్దు."

"సరే బాపూ," అన్నాను. సరే అని తలూపాను కూడా, వినబడిందో లేదోనని.

సిరిసిల్లలో మగ్గం గుడ్డ దొరకడం అంత సులువు కాదు. అడగగా అడగగా, బాపుతో కలిసి మగ్గం నేసిన ముసలాయన ఒకరు ఇంకా మగ్గం గుంటలో కూర్చుంటున్నారని తెలిసింది. పోయి చెప్పాను. ఎవరి కోసమో, దేని కోసమో చెప్పాను. ఆయన నూలు తెప్పించి, ఆరోగ్యం ఉన్న రోజు కొంత, లేని రోజు కొంత నేసి, మూడు వారాలకు కబురు పంపారు. మడత విప్పి చూపించారు. ముతక తెల్లగుడ్డ.

"మీ బాపుకు జెప్పు, ఒక్క పోగు తెగలే అని."

"చెప్త తాతా."

"ఇంకొకటి. నువ్వు దర్జోనివి. దీనికి సూది ముట్టియ్యకు. పోయినోళ్ళ గుడ్డకు కుట్టు ఉండద్దు."

"ఎందుకు తాతా?"

"ఎందుకో నాకేం తెల్సు? కుట్టరు, అంతే."

బస్సులో ఆ గుడ్డ ఒడిలో పెట్టుకుని ఆ మాట గురించి ఆలోచించాను. కారణం చెప్పలేని ఆచారాల గురించి నేను చాలా చదివాను. ఒక నోటుబుక్కు నిండా ఉన్నాయి. కోత పెట్టిన రెండు కొసల్లో పోగులు ఊడి వస్తున్నాయి. దర్జీ అయిన కొడుకు తండ్రికి కప్పే గుడ్డ పోగులూడుతూ ఉంటే ఎట్లా అనుకున్నాను. కోరుట్ల దిగి దుకాణం తీసి, పనిలో ఉన్న లైనింగు జాకెట్లు పక్కకు జరిపి, గుడ్డ మిషన్ మీద పెట్టాను. తల వైపు ఒక అంచు, కాళ్ళ వైపు ఒక అంచు. సన్నగా మడిచి, చిన్న కుట్టు పెట్టి, చక్కగా కుట్టాను. మడత పెట్టి, పాత న్యూస్‌పేపర్లో చుట్టి, బీరువాలో దాచాను.

ఫోను పొద్దున వచ్చింది. "రా తమ్మీ" అంది అక్క. గుడ్డ తీసుకుని, మా ఆవిడతో బస్సెక్కాను. దారిలో కథలాపూర్ దగ్గర టైరు మార్చారు. దిగి నిలబడ్డాను. మక్క చేలు కనబడ్డాయి. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

మా వైపు పోయినవాళ్ళ మీద చుట్టాలంతా తలా ఒక గుడ్డ కప్పుతారు. వియ్యాలవారు, అల్లుళ్ళు, ఎవరి గుడ్డ వాళ్ళది. అప్పటికే అరుగు నిండా కవర్లు, కవర్లలో శాలువలు. అన్నీ పాలిస్టరే. ఇవి వద్దు అన్నాను. మా చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, లేచి వచ్చాడు.

"ఏందిరా? మీ బావ తరఫోళ్ళు తెచ్చిన గుడ్డ వద్దంటవా? వాళ్ళ మొకం ఎట్ల సూడాలె నేను?"

"బాపు చెప్పిండు చిన్నబాపూ. నూలుదే కావాలన్నడు."

"మా అన్న అట్లెందుకంటడు? నువ్వు సదివిచ్చినవ్. బతికున్నప్పుడు ఆయిన ఇజ్జత్ తీసినవ్, సచ్చినంక మా ఇజ్జత్ తీస్తవా?"

అందరూ నన్ను చూశారు. నా దగ్గర పుస్తకాల్లోని మాటలు చాలా ఉన్నాయి. చంకలోని గుడ్డ మూట ముందుకు చాపాను. అక్క కొంగు దోపుకుని మధ్యలోకి వచ్చింది.

"లొల్లి ఆపుండ్రి. అందరు కప్పుండ్రి, ఎవ్వర్ని వద్దంటలేం. మానేరు కాడ మీద గుడ్డలన్ని తీసేద్దాం, ఎట్లయిన తీస్తరు గద. లోపటికి తమ్ముని గుడ్డ ఒక్కటే. నా ముంగట బాపు చెప్పిండు. ఇగ మాట్లాడొద్దు."

అట్లే ఒప్పుకున్నారు. పాడెకు నైలాన్ తాడు కట్టి ఉంటే విప్పించి జనపనార సుతిలి తెప్పించాను. చిన్నబాపు నెత్తి కొట్టుకున్నాడు గాని ముడి తానే వేశాడు. పూలదండలో జరీ పోగులుంటే పీకేశాను. ఆసుపత్రిలో బాపు చేతికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ కూడా కోసేశాను. నీళ్ళ ప్యాకెట్లు పూడ్చే గుంట దగ్గర పడేస్తుంటే ఏరి పక్కన పెట్టాను. చేతులు పని చేస్తున్నాయి. దర్జీకి అది అలవాటే, ఆలోచన ఎక్కడున్నా చేతులు పోతూ ఉంటాయి.

మా ఇంట్లో పూడ్చడమే ఆచారం. మానేరు ఒడ్డున శాలువలన్నీ ఒకటొకటి తీశారు. చివరికి నేను తెచ్చిన తెల్లగుడ్డ ఒక్కటే మిగిలింది. ఇద్దరు పట్టుకుని దించారు. ముసలాయన కూడా వచ్చారు. గుంట అంచున నిలబడి గుడ్డను చూశారు. తరువాత నన్ను చూశారు. నా కుట్టును మెచ్చుకుంటున్నారని అనుకున్నాను. మట్టి వేశాం.

అక్క ఇంటికొచ్చాక నా చేతులు పట్టుకుని, "మాట నిలబెట్టినవ్," అంది.

పదకొండో రోజు కాగానే కోరుట్ల వచ్చాను. జనం పని కోసం చూస్తున్నారు. దుకాణం తీసి మిషన్ మీది దుమ్ము దులిపాను. నేను వదిలిపోయిన లైనింగు జాకెట్టు అట్లే ఉంది. పెడల్ తొక్కాను. రెండు అంగుళాలు కుట్టాక దారం అయిపోయింది. కొత్త రీలు కోసం సొరుగు లాగాను. నూలుదారం రీళ్ళు పెట్టెలో వరుసగా ఉన్నాయి. నేను పెట్టినన్నీ ఉన్నాయి.

మిషన్ మీద ఖాళీ అయిన రీలు చుట్టూ కొంచెం పోగు మిగిలింది. విప్పి, అగ్గిపుల్ల గీశాను. కాగితం వాసన వస్తుందని కాసేపు చూశాను. పోగు ముడుచుకుని పైకి పాకింది. కొసన చిన్న నల్ల ఉండ మిగిలింది. వేళ్ళ మధ్య నలిపాను.

మా ఆవిడ స్టీలు గ్లాసులో చాయ తెచ్చింది.

"ఏం కాలుతున్నది?"

"దారం."

"ఏ దారం?"

"ఎప్పటి దారమే."

ఆమె గ్లాసు పెట్టి పోయింది. చాయ చల్లారింది. ఒకామె వచ్చి జాకెట్టు ఎప్పుడిస్తావని అడిగితే రేపు అన్నాను.

నూలుగుడ్డ మట్టిలో చీకిపోతుంది. ఎన్నాళ్ళకో కచ్చితంగా ఏ పుస్తకమూ చెప్పలేదు గాని చీకిపోతుంది. ముసలాయన తెగకుండా నేసిన పోగులన్నీ పోతాయి. బాపు కూడా పోతాడు. నేను కుట్టిన కుట్టు ఉంటుంది. తల దగ్గర ఒక గీత, కాళ్ళ దగ్గర ఒక గీత. మంచి కుట్టు అది. వంకర లేదు.

ఆదివారాలు జగిత్యాల పోతున్నాను. ఇంట్లో వేపపుల్ల, పాలగిన్నె, మటన్ డబ్బా అట్లే నడుస్తున్నాయి. మానడానికి కారణం కనబడలేదు. దుకాణంలో తెల్లదారం మాత్రం ఇప్పుడు నూలుదే ఎక్కించి ఉంచుతున్నాను. లైనింగులు ఊడిపోతున్నాయని తిడుతున్నారు. మళ్ళీ కుట్టి ఇస్తున్నాను.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళకు పేరు పేరునా చెప్పుకోవాల్సింది. పేర్లు రాయనన్నాను కనుక ఇట్లా చెప్తున్నాను. ఏ పుస్తకం అడిగినా విసుక్కోకుండా తెచ్చి పెట్టే జగిత్యాల గ్రంథాలయం ఉద్యోగికి, నా కండ్లద్దాల సంగతి అందరికన్నా ముందు పట్టుకున్న మా ఆవిడకు, కోపం ఉన్నా సుతిలి ముడి తానే వేసిన చిన్నబాపుకు, ఒక్క పోగు తెగకుండా నేసి, సూది ముట్టించవద్దని కూడా చెప్పి, గుంట అంచున అన్నీ చూసి ఎవరితోనూ ఏమీ అనని ముసలాయనకు. ఏం చదివావని అన్నేళ్ళు అడిగిన బాపుకు.

మా అక్కకు చదవడం రాదు. ఈ కాగితాలు పట్టుకుని సిరిసిల్ల పోయి, ఆమె పక్కన కూర్చుని, మొదటి నుంచి నేనే చదివి వినిపిస్తాను. ఆమె చెవులు బాగానే ఉన్నాయి. అరవాల్సిన పని లేదు.